బాయి మీద గంటల తాడు

నా చిన్నప్పుడు మా ఊర్ల ఈత రాని పిల్లగాడు లేకుండె, ఈత నేర్పిస్త అని ముందుకొచ్చినోడు గూడ లేకుండె. నడుముకు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర కట్టి, ఎవరో ఒకరు వెనకకెల్లి బాయిలకు నూకేటోళ్లు. నాలుగు గుటకలు నీళ్లు తాగి, ఏడ్చి మొత్తుకుని, కాళ్లు చేతులు కొట్టుకుంట దరికి చేరితె అదే ఈత. నన్ను నూకింది ఎవరో గూడ ఇప్పుడు యాదికి లేదు. మూడోనాడు బుర్ర ఇప్పి పారేసిన, నాలుగోనాడు గడ్డ మీదికెల్లి దుంకుడు మొదలువెట్టిన. ఇగ నా అంత ఈతగాడు జిల్లల లేడనుకున్న.

మా బాయి ధర్మపురి పోయే తొవ్వల, ఊరికి కొంచెం బయట ఉండె. గుండ్రంగ కట్టిన పెద్ద మోటబాయి. పొద్దుగాల బాపు ఎడ్లను కట్టి మోట గొట్టేటోడు, ఎండ ముదిరినంక బాయి మా పిల్లలది. ఎండకాలం వచ్చిందంటె గడ్డ మీద జాతరే. బట్టలు పిండేటోళ్లు, నీళ్లకొచ్చినోళ్లు, ఊకెనే కూసున్నోళ్లు, అందరు పైకెల్లి కిందికి చూసేటోళ్లు. ఈదేటోడేమో కిందికెల్లి పైకి చూసేటోడు. బాయిల ఈత నేర్చినోళ్లకు ఉండే అలవాటు అది. దుంకి తేలంగనే తల పైకెత్తి, ఎవరు చూసిన్రు, ఎవరు చూడలే అని గడ్డంత లెక్క తీస్తరు. నాకైతె ఆ పిచ్చి ఇంకింత ఎక్కువ.

అసొంటి ఒక ఎండకాలం మా చిన్నబాపు బొంబాయికెల్లి తిరిగొచ్చిండు. బాపుకు తమ్ముడు. పెండ్లి చేసుకోలే. ఎనిమిదేండ్లు ఆడ ఏదో పెద్ద క్లబ్బుల పని చేసిండని మాత్రం మాకు ఎరుక. మనిషి సన్నంగ, మాట ఇంకా సన్నంగ. మాటకు ముందు నవ్వేటోడు. ఎందుకొచ్చినవు, మల్ల ఎప్పుడు పోతవు అని ఊరోళ్లు అడిగితె, చూద్దాం తియ్యి అని బాయికాడికి నడిచేటోడు.

ఒకనాడు నేను బాయిల గిరగిర తిరుగుకుంట గొప్పలు పోతుంటె, చిన్నబాపు అంగి ఇప్పి మెట్ల మీద పెట్టి, చప్పుడు లేకుంట నీళ్లల్లకు దిగిండు. అవతలి గోడకు మొఖం పెట్టి రెండు చేతులు ఒక్కసారే లేపిండు. రెండు కాళ్లు గూడ కట్టేసినట్టు ఒక్కసారే ఆడినయి. నడుం పైకి లేచింది, మునిగింది, మల్ల లేచింది. నాలుగు రెక్కలు వేసిండో లేదో, అవతలి గోడ ముట్టుకున్నడు. నీళ్లు పెద్దగ చిందలే గూడ. గడ్డ మీద ముసలవ్వ ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుని, వామ్మో, వీనికి రెక్కలు మొలిచినయే అన్నది. ఆనాటికెల్లి మా ఊర్ల దాని పేరు రెక్కల ఈత. బటర్‌ఫ్లై అంటరని నాకు తర్వాత బడిల తెలిసింది.

నాకు నేర్పు అని ఎంటవడ్డ. నేర్పిస్త గని నేను చెప్పినట్టు ఇనాలె అన్నడు. ఇంటనన్న. ఆయన నన్ను బాయికి తోలుకపోతడనుకుంటె, ఇంటికి తోలుకొచ్చి నులకమంచం మీద బోర్లా పండవెట్టిండు! నన్ను గన్న అవ్వ, నాయనమ్మ ఇద్దరు ఒకే రోట్ల వడ్లు దంచుతున్నరు. ఆ రెండు రోకళ్ల చప్పుడు ఇను, ఒక రోకలికి చేతులు ముందుకు పడాలె, నడుంతోని ఒక తన్ను తన్నాలె. రెండో రోకలికి చేతులు తొడల దాకా నూకి బయటికి తియ్యాలె, అప్పుడొక తన్ను తన్నాలె అన్నడు. మోకాళ్లు మడిచి తన్నితె మంచం కోడు మీద తట్టేటోడు. కాళ్లు తోక అసొంటియి, తన్నేది నడుమే అనేటోడు. వారం రోజులు మంచం మీదనే ఈదిన. దోస్తులు ఆకిట్ల నిలబడి, నీళ్లు లోతున్నయారా, మునుగుతవు జర పైలం అని ఎక్కిరించిన్రు. అవ్వ దంచుడు ఆపి మరీ నవ్వింది. నాకు ఇజ్జత్ అంత పోయినట్టయింది గని, ఆ రోకళ్ల చప్పుడు ఒంట్లకు దిగింది. ఇప్పటికీ ఏడన్న దంచుడు ఇనవడితె నా నడుం కదులుతది.

నీళ్లల్లకు దిగినంక అసలు రోగం బయటవడ్డది. చేతులు బాగనే పడుతున్నయి, తన్ను గూడ కుదిరింది, గని ఊపిరి కోసం తల లేపినప్పుడల్ల నేను మెడ నిక్కి గడ్డ మీదికి చూస్తున్న. తల లేస్తె నడుం మునుగుతది. నడుం మునిగితె చేతులు బరువైతయి, రెండో రెక్కకే పానం పోయినట్టయితది. చిన్నబాపు ఒకటే చెప్పేటోడు. గడ్డం నీళ్ల మీద గీత గీసినట్టు పోవాలె, పైకి కాదు ముందుకు చూడాలె, చేతులు నీళ్లల్ల పడకముందే తల నీళ్లల్లకు పోవాలె. నేను సరే అనేటోణ్ణి. మల్ల మెడ నిక్కేటోణ్ణి. ఏం చేస్తరు, గడ్డ మీద మంది ఉండె.

ఆయన నన్ను తిట్టలే. ఒకనాడు మోట ఆగినంక పోయి చూస్తె, బాయిల ఈ గోడకెల్లి ఆ గోడకు తాడు గట్టి ఉంది. నీళ్లకు జానెడు పైన, అంతే. ఆ తాడుకు మా ఎడ్ల మెడలకుండే కంచు గంటలు ఏలాడుతున్నయి. తాడు కింద, తాడు పొడుగునా ఈదాలె. చేతులు అటొకటి ఇటొకటి పడాలె. తల ఎక్కువ లేస్తె గంట మోగుతది. మొదటినాడు నేను ఈదుతుంటె ఊరి గుడిల హారతి ఇచ్చినట్టే ఉండె! గడ్డ మీద అందరు పొట్ట పట్టుకుని నవ్విన్రు. బాపు అయితె, నా ఎడ్లను మూగయి చేసిండ్రు గదరా అని మొత్తుకున్నడు. చిన్నబాపు మాత్రం అడిగేది ఒకటే. నేను గోడ ముట్టుకోంగనే, నవ్వుకుంట, “గంట మోగిందా?” అనేటోడు. ఆయనకు ఇనవడదా ఏంది? అయినా నా నోటితోనే చెప్పించేటోడు. ఎన్నిసార్లు మోగితె అన్నిసార్లు చెప్పాలె. ఎక్కువ చెప్పినా కోపం చెయ్యకపొయ్యేటోడు.

ఒక మాట చెప్పాలె. మోట గొట్టినప్పుడల్ల బాయిల నీళ్లు కిందికి పోతయి, రాత్రికి కొంచెం ఊరుతయి. అంటె రోజూ నీళ్లు ఒక్క తీరు ఉండయి. చిన్నబాపు రోజూ మెట్లు దిగి, జానతోని కొలిచి, తాడు ఇప్పి మల్ల కట్టేటోడు. రెండు నెలలు, ఒక్క రోజు గూడ తప్పలే. అప్పుడు నాకు అది పని లెక్క గూడ అనిపియ్యలే. తాడు ఉంటది, నేను పోయి ఈదుత, అంతే అనుకున్న.

ఒకనాడు మెట్ల మీద ఒళ్లు ఆరవెట్టుకుంట కూసున్నప్పుడు బొంబాయి ముచ్చట చెప్పిండు. ఆ క్లబ్బుల ఈతకొలను కడిగే పని ఆయనది. పెద్దపెద్దోళ్ల పిల్లలకు ఒక సారు ఈత నేర్పుతుంటె, ఈయన చీపురు పట్టుకుని గోడ పొంటి నిలబడి చూసేటోడు. చూసుకుంటనే ఎనిమిదేండ్లు నేర్చుకున్నడు. పనోళ్లు ఆ నీళ్లల్ల కాలు పెట్టద్దని గట్టి తాకీదు. ఒకనాడు తెల్లారకముందు, ఎవరు లేంది చూసి, ఈ దరికెల్లి ఆ దరికి ఒక్కసారి రెక్కల ఈత ఈదిండంట. పైకి లేచి చూస్తె ఎదురుంగ చౌకీదారు. ఆ నెలనే పనిలకెల్లి తీసేసిన్రు. అందుకే ఊరికొచ్చిండు. ఆ ముచ్చట ఏడ్చుకుంట చెప్పలే, నవ్వుకుంటనే చెప్పిండు. చెప్పి, నువ్వు అసొంటి నీళ్లల్ల పట్టపగలు, అందరు చూస్తుంటె ఒక్కసారి ఈదాలె కొడుకా, నేను చూడాలె, ఇగ నాకు ఏం ఫికర్ లేదు అన్నడు. నేను తల ఊపిన. పదమూడేండ్ల పోరనికి ఆ మాట బరువు ఎట్ల తెలుస్తది?

ఆ ఏడు బడి తెరిచినంక మా డ్రిల్ సారు, గోదావరి ఒడ్డున బొగ్గు తీసే బాయిల కాలనీల బడి పిల్లలకు ఈత పోటీలున్నయి, ఎవరన్న ఉన్నరా అని అడిగిండు. నేను చెయ్యి లేపిన. నాకు బటర్‌ఫ్లై వస్తదంటె సారు నమ్మలే, బాయికాడికి వచ్చి చూసిండు. ఆనాటికి పదిహేను రోజులకెల్లి నా తల తాడును ముట్టలే. సారు నోరు తెరిచిండు. అసొంటి ఈత ఈ చుట్టుపక్కల ఎవరికీ రాదు, వీడు గెలుస్తడు రాసిపెట్టుకో అని చిన్నబాపు భుజం మీద కొట్టిండు. చిన్నబాపు ఆ పొద్దు అన్నం గూడ సరిగ తినలే, అంత సంబురం.

పోటీనాడు పొద్దుగాల నేను బస్సుకు తయారైతె, ఆయన ఉతికిన అంగి తొడుక్కుని, చేతిల గోనెసంచితోని నిలబడ్డడు. సంచి కదిలితె గంటలు మోగినయి. పోటీకి ముందు ఆడ ఒక్కసారి తాడు కడుదాం, కొత్త నీళ్లు గదా అన్నడు. నా కండ్ల ముందు పట్నం పిల్లలు, టవళ్లు, ఇంగ్లీషు మాటలు, వాళ్ల నడుమ ఎడ్ల గంటల సంచితోని మా చిన్నబాపు కనవడ్డడు. నాకు ఒళ్లంత సిగ్గు వచ్చింది. నోరుంది గదా అని అనేసిన.

“నువ్వు రాకు చిన్నబాపు. గవి చూసి అందరు నవ్వుతరు.”

ఆయన మొఖం చిన్నవోయింది, ఒక్క గడియ. తర్వాత మల్ల నవ్విండు. “మంచిది కొడుకా. తల మాత్రం లేపకు,” అన్నడు. సంచి తీస్కపోయి కొట్టంల పెట్టిండు. నేను బస్సు ఎక్కిన. కిటికీలకెల్లి చెయ్యి గూడ ఊపలే.

ఆ కొలను చూడంగనే నాకు భయమైంది. నీళ్లు నీలంగ, అడుగు గచ్చు కనవడేటంత తేటగ ఉన్నయి. చుట్టూ ఇనుప తీగల కంచె, దాని అవతల ఊరి జనం. ఒక దరికెల్లి ఇంకో దరికి ఒక్కసారి పోతె చాలు. ఈల ఊదంగనే దుంకిన. అబద్ధం ఎందుకు, సగం దాకా అందరికంటె నేనే ముందున్న. చెవుల్ల రోకళ్ల చప్పుడే. గడ్డం నీళ్ల మీదనే పోతున్నది. అప్పుడు ఏమైందో ఏమో, మంది అరుపులు ఇనవడ్డయి. నా మెడ దానంతట అదే పైకి లేచింది. ఎప్పుడు బాయిల తల లేపినా మెట్ల మీద చిన్నబాపు కనవడేటోడు. ఆడ గూడ ఆయన కోసమే ఎతికిన. రావద్దని నేనే చెప్పిన గదా, అయినా ఎతికిన. ఒక్క మొఖం గూడ ఎరుకైంది కనవడలే. అంతల నడుం మునిగింది. మల్ల తల లేపిన, ఇంకింత మునిగింది. ముక్కులకు నీళ్లు పోయినయి, చేతులు రాళ్లయినయి. అవతలి దరి నాలుగు రెక్కల దూరంల ఉండంగ నా కాలు అడుగును తాకింది. పుట్టి బుద్ధెరిగినంక ఈతల నా కాలు కింద ఆనుడు అదే మొదలు. బాయిల నిలబడదామన్నా జాగ ఉండదు. ఆడ జాగ ఉండె, నిలబడ్డ. దగ్గుకుంట, ఛాతి మట్టం నీళ్లల్ల, అందరి ముందు.

డ్రిల్ సారు బస్సుల తొవ్వ పొడుగునా కిటికీ దిక్కే చూసిండు. నేను దిగి నడుచుకుంట ఇంటికి పోయేసరికి పొద్దు వాలుతున్నది. చిన్నబాపు ఆకిట్ల సైకిల్ బోర్లిచ్చి చక్రం తుడుస్తున్నడు. రెండు చక్రాలకు బొగ్గుమసి కలిసిన మట్టి ఉండె. నాకు దాని దిక్కు చూసే తెలివి యాడిది? చెంబుతోని నీళ్లిచ్చిండు. తాగినంక, మెల్లగ, ఎప్పటి లెక్కనే అడిగిండు.

“గంట మోగిందా?”

నేను ఆయన మొఖం చూడలే. చెంబుల చూసుకుంట, “మోగలే. మూడో నంబరు వచ్చిన,” అన్న.

ఆయన సైకిల్ తుడిచిన గుడ్డను పిండి పక్కకు పెట్టిండు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, “మంచిది బిడ్డా, మంచిది. పోయి అన్నం తిను,” అన్నడు. అవ్వకు, బాపుకు, అడిగినోళ్లందరికి ఆయనే చెప్పిండు, మావోడు మూడో నంబరు వచ్చిండని. ఎవరన్న ఇంకా గుచ్చి అడగబోతె, నేను జవాబు చెప్పే పని పడకుంట ముచ్చట మళ్లించేటోడు.

తెల్లారి పొద్దుగాల నాకు గంటల చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎడ్లు బాయికి పోతున్నయి, గంటలు మల్ల వాటి మెడలకే ఉన్నయి. పోయి చూస్తె బాయిల తాడు లేదు. నేర్చుడు అయిపోయింది గదా, అందుకే ఇప్పేసిండు అనుకున్న. నిజం చెప్పాలంటె నాకు పానం నిమ్మళమైంది. ఆ తాడును చూసే ధైర్యం నాకు లేకుండె. ఆ తర్వాత రెక్కల ఈత జోలికి పోలే. దసరా అయినంక చిన్నబాపు మల్ల బొంబాయి పోయిండు, ఏదో మిల్లుల పనికి. పోయేటప్పుడు నేను బస్సు దాకా పోయిన. చెప్పాలె, ఇయ్యాల చెప్పాలె అనుకుంటనే నిలబడ్డ. బస్సు కదిలింది. వచ్చినప్పుడు చెప్దామనుకున్న. ఆయన రాలే. రెండేండ్లకు, జ్వరమొచ్చి ఆడనే పోయిండని కార్డు వచ్చింది.

దినాలనాడు అందరు పోయినంక అవ్వ నా పక్కన కూసుని ఏడ్చుకుంట చెప్పింది. నీ పోటీనాడు నువ్వు బస్సెక్కంగనే ఆయన సైకిల్ తీసుకుని పోయిండురా. అంత దూరం తొక్కుకుంట పోయి, కంచె అవతల నిలబడి చూసిండు. నీకంటె ముందు ఇల్లు చేరాలని తిండి లేకుంట తొక్కుకుంట వచ్చిండు. పిల్లగాడు సిగ్గువడ్తడు, వదినా, చెప్పకు అని నా చెయ్యి పట్టుకున్నడు. నేను ఎట్ల చెప్త?

అంటె, గంట మోగిందా అని అడిగిననాడు ఆయనకు అంత ఎరుకే. నేను నీళ్లల్ల తల లేపి ఎతికింది ఎవరి కోసమో ఆయన ఆడనే ఉన్నడు, నాకు కనవడలే. తెలువక అడగలే ఆయన. మోగింది చిన్నబాపు, నిలబడ్డ చిన్నబాపు అని నేను ఒక్క మాట చెప్తె, తెల్లారి మల్ల మెట్లు దిగి, నీళ్లను జానతోని కొలిచి తాడు కట్టేటోడు. నాకు ఇంకొక ఏడు ఉండె, ఇంకొక పోటీ ఉండె. ఆయన అడిగిన ఒక్క కోరిక తీరేది. నేను అబద్ధమాడిన, ఆయన నా అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంత తిప్పిండు, నా ఇజ్జత్ పోవద్దని. ఎవరన్న నాలుగు తన్నినా ఇంత నొప్పి ఉండకపోవు.

ఇప్పుడు నేను కరీంనగర్ల ఉంటున్న. మోకాళ్ల నొప్పులు, చక్కెర, అన్నీ ఉన్నయి. పదేండ్ల మనుమరాలిని రోజు పొద్దుగాల ఈతకొలనుకు తోలుకపోయే పని నాది. ఈ మధ్యనే దానికి బటర్‌ఫ్లై మొదలువెట్టిన్రు. నేర్పే సారు గట్టు మీదికెల్లి తల లేపకు, తల లేపకు అని అరుస్తనే ఉంటడు, అది లేపుతనే ఉంటది. ఎందుకు లేపుతదో నాకు తెలుసు. కంచె ఇవతల నేను కూసున్ననా లేనా అని చూస్తది. అందుకే నేను ముందుగాలనే పోయి దానికి ఎదురుంగ, అవతలి దరి కాడ కూసుంట. ముందుకు చూస్తె చాలు, కనవడాలె. దానికి ఎడ్ల గంటల తాడు ముచ్చట చెప్పిన, నవ్వీ నవ్వీ సచ్చింది. అబద్ధం ముచ్చట మాత్రం చెప్పలే.

మొన్న పిల్లలందరికీ చిన్న పందెం పెట్టిన్రు. మాది సగంలనే ఆగి, వరుసల నడుమ కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డది. అందరికంటె ఎనకవడ్డది. టవల్ కప్పుకుని, ముక్కు ఎగపీల్చుకుంట నా కాడికి వచ్చింది. అడగొద్దనుకున్న. నోరు ఆగలే.

“గంట మోగిందా బిడ్డా?”

అది కండ్లు తుడుచుకుని, నా మొఖంలకే చూసి చెప్పింది. “మోగింది తాతా. ఐదుసార్లు మోగింది. నిలబడ్డ గూడ. రేపు మల్ల చేద్దామా?”

నేను దాన్ని దగ్గరికి తీసుకున్న. తడి టవల్‌తోని నా అంగి అంత తడిసింది. చేద్దాం బిడ్డా అన్న. ఎందుకు ఏడుస్తున్నవు తాతా అని అడిగితె, కొలను నీళ్లల్ల కలిపే మందు కండ్లల్ల పడ్డదని చెప్పబోయిన. నా నోటికి ఆ అబద్ధం గూడ అప్పుడే తయారయింది. ఆపిన. దాన్ని అక్కడనే గట్టు మీద కూసోవెట్టుకుని, యాభై ఏండ్లు ఎవరికీ చెప్పంది, మా చిన్నబాపుకు చెప్పాల్సింది, మొదటికెల్లి చెప్పుడు మొదలువెట్టిన.